టీచరు పక్కన ఏడు రోజులు

ఆదివారం పొద్దున ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడి ఉండగా మా వయొలిన్ క్లాసు గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. నంబరు టీచరుదే, రాసింది మాత్రం వాళ్ళాయన. "మీ టీచర్ పొద్దున ఐదింటికి పోయింది. ఇయ్యాల క్లాసు లేదు." అంతే ఉంది. ఆయన నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు లేత్ మిషన్ నడిపిన మనిషి, మాటలు తక్కువ. నేను ఆ రెండో వాక్యాన్నే చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. రావలసిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది. పధ్నాలుగేళ్ళలో ఆ ఇంటి నుంచి ఆదివారం క్లాసు లేదన్న కబురు రావడం అదే మొదటిసారి.

ఆవిడ కచేరీలు చేసిన మనిషి కాదు. పేపర్లో ఫొటో పడలేదు. నాచారం, ఉప్పల్, రామంతాపూర్‌లలో ఓ యాభై అరవై ఇళ్ళలో మాత్రం ఆవిడ పేరు చెప్పకుండా "వయొలిన్ టీచర్" అంటే చాలు, ఎవరో తెలుస్తుంది. నేనూ అలాగే రాస్తాను. ఆవిడ గురించి చెప్పాలంటే ఎన్నో ఉన్నాయి కానీ, నాకు పందొమ్మిదేళ్ళప్పుడు మేమిద్దరం ఒకే బెంచీ విద్యార్థులమైన ఒక వారం ఉంది. ముఖ్యంగా అది చెప్పాలి.

మొదట ఆవిడ ఎవరో కొంచెం. జనగామ వైపు ఊరు. రైల్వేలో గుమాస్తా ఉద్యోగం. ముప్పై రెండేళ్ళు వచ్చేదాకా వయొలిన్ ముట్టుకోలేదు. ఆఫీసులో పక్క సీటులో కూర్చునే ఒక పెద్దాయన వాయిస్తాడని తెలిసి, నాకూ నేర్పమని అడిగారట. ఆయన నవ్వి, ఈ వయసులో వేళ్ళు వంగవమ్మా అన్నాడట. మర్నాడు మళ్ళీ అడిగారు. నెల రోజులు అడిగితే, విసిగిపోయి ఒప్పుకున్నాడు. లంచ్ టైములో ఫైళ్ళ గదిలో పదేళ్ళు నేర్చుకున్నారు. ఆ తర్వాత నాచారంలో తమ ఇంటి మేడ మీద గదిలో పిల్లలకు చెప్పడం మొదలుపెట్టారు.

నన్ను మా అమ్మ ఆ గదికి తీసుకెళ్ళినప్పుడు నాకు పదకొండేళ్ళు. మాది గుంటూరు వైపు నుంచి నాన్నగారి ఉద్యోగం కోసం వచ్చి రామంతాపూర్‌లో స్థిరపడిన కుటుంబం. టీచరు మాట తీరు విని అమ్మ ఇంటికొచ్చాక, "ఈవిడ భాష ఇలా ఉంది, కీర్తనలు ఎలా చెబుతుందో ఏమో" అంది. ఆరు నెలల తర్వాత ఆ మాట అన్నందుకు అమ్మే సిగ్గుపడింది. టీచరు పాడుతూ నేర్పేటప్పుడు ఒక్క అక్షరం తప్పు పోయేది కాదు. మాట్లాడేటప్పుడు మాత్రం తన జనగామ భాషే మాట్లాడేవారు. అది మార్చుకోవాలని ఆవిడకు ఎప్పుడూ అనిపించలేదు.

ఆవిడ అలవాట్లు కొన్ని చెప్తాను. ప్రతి పిల్ల వయొలిన్‌నూ తనే శ్రుతి చేసి, కొంగుతో తుడిచి, రెండు చేతులతో అందించేవారు. కమానుకు రుద్దే రోజనం ముక్కను వక్కపొడి డబ్బాలో దాచేవారు, అందుకని మా కమానులన్నీ కొద్దిగా వక్కపొడి వాసన వేసేవి. బాగుందని ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. ఎంత బాగా వాయించినా, ఎంత అధ్వాన్నంగా వాయించినా ఒకటే మాట, "ఇంకోపారి."

ఇక ఆ వారం సంగతి. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. ఐర్లాండు నుంచి ఒక జంట హైదరాబాదు వచ్చారని, వేసవి సెలవుల్లో నాచారంలోని ఒక స్కూలు హాల్లో ఏడు రోజులు తమ సంప్రదాయ సంగీతం నేర్పుతారని కాలేజీలో ఒక సీనియర్ చెప్పింది. ఆమె వయొలిన్, ఆయన చెక్క ఫ్లూటు. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా. అసలేమీ రానివాళ్ళు కూడా రావచ్చన్నారు. నాకు చాలా వెళ్ళాలనిపించింది. కానీ టీచరుకు చెప్పడానికి భయం వేసింది. వేరే సంగీతం పట్టుకుంటే చెయ్యి పాడవుతుందని ఇంకెవరెవరో టీచర్లు అనగా విన్నాను, ఈవిడా అలాగే అంటారని నేనే అనేసుకున్నాను. కాలేజీలో ప్రాక్టికల్స్ ఉన్నాయి, వారం రోజులు రాలేనని అబద్ధం చెప్పాను. ఆవిడ వెంటనే, సరే, ఆ వారం నాక్కూడా పనుంది అన్నారు. బతికిపోయాననుకున్నాను.

సోమవారం వయొలిన్ పెట్టె పట్టుకుని ఆ హాల్లోకి వెళ్ళేసరికి మొదటి వరసలో, ఆకుపచ్చ చీర కట్టుకుని, ఒళ్ళో పెట్టె పెట్టుకుని టీచరు కూర్చుని ఉన్నారు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకునేంతలో ఆవిడ చూశారు.

"నువ్వు ల్యాబ్‌ల ఉండాలె గద?" అన్నారు.

"మీకు పనుందన్నారు కదా టీచర్" అన్నాను, నోటికి వచ్చింది అదే.

"ఇదే పని." తర్వాత పక్క కుర్చీ మీది సంచి తీసి కింద పెట్టి, "ఈడ నేను నీ టీచర్ని గాదు. కూసో" అన్నారు.

తర్వాత మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పినప్పుడు తెలిసింది, పిల్లలు నవ్వుతారేమోనని ఆవిడా ఎవరికీ చెప్పకుండానే వచ్చారు. ఎందుకు టీచర్ ఇది మీకు అని అడిగాను. ఆవిడకు అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు, రిటైర్మెంట్‌కు ఇంకా రెండేళ్ళుంది, సెలవు పెట్టి మరీ వచ్చారు. చపాతీ ముక్క చేతిలో పట్టుకుని కొంచెం ఆలోచించి చెప్పారు: "మొన్న ఒక పిల్లను మస్తు తిట్టిన. అది ఏడ్చుకుంట పోయింది. నేర్సుకునుడు ఎట్లుంటదో మర్సిపోయిన బిడ్డా. మర్సిపోయినోళ్ళు నేర్పొద్దు."

నేర్చుకోవడం ఎలా ఉంటుందో ఆవిడకు ఆ రోజు సాయంత్రానికే బాగా గుర్తొచ్చింది. మనం వయొలిన్‌ను నేల మీద కూర్చుని, తలభాగం పాదం మీద ఆనించి వాయిస్తాం. వాళ్ళు కుర్చీలో కూర్చుని గడ్డం కింద పెట్టుకుంటారు. ఆవిడ కుర్చీలో ప్రయత్నించారు, వయొలిన్ రెండుసార్లు జారింది. చివరికి ఐర్లాండు ఆమే ఒక చాప తెప్పించి, మీకు అలవాటైనట్టే కూర్చోండి అంది. ముప్పై కుర్చీల మధ్య చాప మీద టీచరు ఒక్కరే. తీగలు కూడా వాళ్ళ శ్రుతికి మార్చుకోవాలి, కాబట్టి వేళ్ళకు తెలిసిన చోట్లలో తెలిసిన స్వరాలు ఉండవు. పైగా పుస్తకాలు లేవు. ఐర్లాండు ఆమె చిన్న ముక్క వాయిస్తుంది, మనం విని తిరిగి వాయించాలి, అంతే. టీచరు అలవాటుగా స్వరాలు రాసుకోబోతే ఆమె నవ్వుతూ పుస్తకం మూసేసింది.

అసలు కష్టం ఇంకోటుంది. మన చేతిలో స్వరం ఊగుతుంది. వాళ్ళ స్వరం నిటారుగా నిలబడాలి. వాళ్ళు జిగ్ అనే నాట్యపు వరసలో లెక్క మన తకిట, తకిట లాంటిదే. టీచరు అది వినగానే పట్టేసి తొడ మీద తాళం వేశారు. కానీ మన తకిటలో మూడూ సమానం, వాళ్ళ దాంట్లో మొదటిది కొంచెం సాగుతుంది, చివరిది కొంచెం తోసుకొస్తుంది. పాతికేళ్ళుగా సమానంగా కొట్టిన చెయ్యి అలా సాగనంది. నాకు చిన్న వయసు కదా, రెండో రోజుకే వచ్చేసింది.

మూడో రోజు మమ్మల్ని రెండు గుంపులు చేశారు. త్వరగా పట్టుకునేవాళ్ళు ఒక గదిలో, నెమ్మదిగా నేర్చుకునేవాళ్ళు హాల్లో. నేను గదిలోకి వెళ్ళాను. టీచరు హాల్లో, తొమ్మిది పదేళ్ళ పిల్లల మధ్య ఉండిపోయారు. తిరిగి చూడకుండా వెళ్ళిపోయానని నాకు బాగా గుర్తు. వేగంగా వాయించడంలో ఒక మత్తుంది, ఆ మత్తులో ఉన్నాను.

ఆ మధ్యాహ్నం వరండాలో మంచినీళ్ళ ఫిల్టరు దగ్గర మా గుంపులోని ఇద్దరబ్బాయిలు, ఒకతను గిటార్, ఇంకొకతను వయొలిన్, టీచరు గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ ఆంటీ జిగ్ వాయిస్తే పెళ్ళిలో నాదస్వరంలా ఉందని ఒకడు అనుకరించి చూపించాడు. నేనూ కొంచెం నవ్వాను. మొదటి రోజు నీ పక్కనే కూర్చున్నారు కదా, నీకు తెలుసా అని అడిగారు.

"మా ఏరియా ఆంటీ" అన్నాను.

ఎనిమిదేళ్ళు నా వయొలిన్ తుడిచి చేతికిచ్చిన మనిషి గురించి నేనన్న మాట అది. అని తల తిప్పితే, స్తంభం అవతల టీచరు సీసాలో నీళ్ళు పట్టుకుంటున్నారు. నిండాక మూత బిగించుకుని హాల్లోకి వెళ్ళిపోయారు.

సాయంత్రం ఇద్దరం ఎప్పటిలాగే మెయిన్ రోడ్డు దాకా కలిసి నడిచాం. ఫ్యాక్టరీల షిఫ్టు వదిలిన సమయం, రోడ్డంతా సైకిళ్ళు, బైకులు. ఆవిడ ఏమంటారోనని ఎదురుచూస్తున్నాను. సగం దూరం వెళ్ళాక అన్నారు, "ఇయ్యాల నీ బొటనవేలు సూసుకున్నవా? కిటికీల నుంచి సూసిన. జోరుల వడి బిగవట్టినవ్. గట్లనే అలవాటైతే చెయ్యి నొస్తది."

నేను ఆగి, "టీచర్, ఇందాక నేను..." అన్నాను.

"ఇన్న" అన్నారు. షేర్ ఆటో వచ్చి ఆగింది. నేను ఎక్కి కూర్చున్నాక కడ్డీ పట్టుకుని వంగి చెప్పారు: "రేపు పొద్దుగాల ఆరింటికి ఇంటికి రా. ఆ జిగ్‌ల రెండో ముక్క నాకు అందుతలేదు. నువ్వు నేర్పాలె."

తిట్టి ఉంటే నాకు ఎంతో తేలికగా ఉండేది. అది మాత్రం ఖాయంగా చెప్పగలను.

మర్నాడు ఆరింటికల్లా వాళ్ళ డాబా మీద ఉన్నాను. నీళ్ళ ట్యాంకు నీడలో చాప వేసి ఉంది. టీచరు వాళ్ళాయన, మేమంతా సారు అనేవాళ్ళం, టీ తెచ్చి పిట్టగోడ మీద పెట్టి కిందికి వెళ్ళిపోయారు. నేను ఆ ముక్క వాయించాను, ఆవిడ వాయించారు. స్వరం ఊగింది. మళ్ళీ వాయించాను, మళ్ళీ వాయించారు. మళ్ళీ ఊగింది. నేను "బాగానే వస్తోంది టీచర్" అన్నాను.

ఆవిడ కమాను కింద పెట్టేశారు. "నేను నీకు ఎన్నడన్న గట్ల చెప్పిన్నా? తప్పైతే తప్పు అను. నాకు మర్యాద జేస్తే నాకు పాట రాదు."

ఆవిడ కదలలేదు. చివరికి, "తప్పు టీచర్. మధ్య స్వరం ఊగుతోంది. వేలు పెట్టాక కదపొద్దు" అన్నాను. ఆవిడ తలూపి, వాయించారు. తప్పు అన్నాను. వాయించారు. తప్పు అన్నాను. కాసేపటికి నా నోటి నుంచి "ఇంకోపారి" అన్న మాట ఎప్పుడు వచ్చిందో నాకే తెలియదు. ఆవిడ పెదవులు కొంచెం కదిలాయి, నవ్వలేదు, వాయించారు.

శనివారం దాకా అలా సాగిన మూడు పొద్దుల్లో ఒక్కసారి కూడా ఆవిడ అలసిపోయానని అనలేదు. చూపుడు వేలి చివర తీగ కోసుకుపోయి ఎర్రగా అయింది. నేను ఇక చాలంటే, నీకు కాలేజీకి వేళయిందా అని అడిగేవారు. కాలేజీ సెలవులు. ఎదుటి మనిషికి తప్పు అని చెప్పడానికి ఎంత ప్రేమ ఉండాలో, ఎంత ఓపిక కావాలో నేను ఆ డాబా మీద నేర్చుకున్నాను. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, నిన్న తనను కాదన్న పిల్ల చేత తప్పు అనిపించుకోవడానికి ఇంకెంత గట్టి గుండె ఉండాలో మీరే ఊహించుకోండి.

ఆదివారం చివరి రోజు, టీచరు పొద్దున్నే పిల్లల క్లాసు ముగించుకుని వచ్చారు. అందరూ గుండ్రంగా కూర్చోవాలి, ఎవరైనా ఒక పాట ఎత్తుకోవచ్చు, వచ్చినవాళ్ళు కలవాలి. ఎత్తుకున్నవాళ్ళు ఏ వేగంలో మొదలుపెడితే అందరూ ఆ వేగంలోనే వాయించాలి, అది వాళ్ళ పద్ధతి. పిల్లల తల్లిదండ్రులు, స్కూలు వాళ్ళు వచ్చారు. సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. మా గుంపు రెండు మూడు పాటలు గుర్రాల్లా పరిగెత్తించింది. చప్పట్లు పడ్డాయి. తర్వాత ఎవరు అని ఐర్లాండు ఆమె చుట్టూ చూసింది. చాప మీద నుంచి టీచరు కమాను ఎత్తారు.

ఆవిడ ఆ జిగ్‌నే చాలా నెమ్మదిగా మొదలుపెట్టారు. మనిషి నడిచే వేగం. మొదటి స్వరం సాగింది, చివరిది తోసుకొచ్చింది. మధ్య స్వరం నిలబడింది. హాలు పిల్లలు వెంటనే కలిశారు, అది వాళ్ళ వేగమే. మా గుంపు కూడా అందుకుంది కానీ ఆ ఇద్దరబ్బాయిలు నిలవలేకపోయారు. నెమ్మదిగా వాయించేటప్పుడు ప్రతి స్వరం బయటపడుతుంది, దాక్కోవడానికి చోటుండదు. వాళ్ళు ముందుకు లాగుతున్నారు. టీచరు వాళ్ళ వైపు చూడలేదు, వేగం పెంచలేదు, తగ్గించలేదు. రెండోసారి తిరిగేటప్పటికి వాళ్ళే వెనక్కి వచ్చి ఆవిడతో కలవాల్సి వచ్చింది.

మూడోసారి రెండో ముక్క దగ్గర ఆవిడ తప్పిపోయారు. కమాను ఎత్తి పట్టుకుని, పిల్లలు వాయిస్తుంటే కళ్ళు మూసుకుని విన్నారు. అప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. వెళ్ళి చాప మీద ఆవిడ పక్కన కూర్చుని, నా వయొలిన్ పాదం మీద ఆనించుకుని ఆ ముక్క అందుకున్నాను. ఆవిడ ఒక వరస విని, తర్వాతి వరసలో వచ్చి కలిశారు. చివరిదాకా ఇద్దరం కలిసే వెళ్ళాం.

పెట్టెలు సర్దుకుంటుంటే వయొలిన్ అబ్బాయి వచ్చి, ఆవిడ మీ ఏరియా అన్నారు కదా, అంత నెమ్మదిగా అంత నిలకడగా ఎలా వాయిస్తున్నారు అని అడిగాడు. వెక్కిరింత లేదు, నిజంగానే అడిగాడు.

"మా టీచర్" అన్నాను. "ఎనిమిదేళ్ళ నుంచి."

అతను ఆవిడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఏం మాట్లాడుకున్నారో వినలేదు కానీ, ఆవిడ అతని ఎడమ చెయ్యి పట్టుకుని బొటనవేలు సరిచేస్తుండడం చూశాను.

ఆ తర్వాత మా ఆదివారం క్లాసు మారింది. చివరి అరగంట పుస్తకాలు మూసి విని వాయించాలి. ఎవరైనా బయట ఏదైనా కొత్తది నేర్చుకుంటే వచ్చి టీచరుకు నేర్పాలి, ఆవిడ పిల్లల ముందే తప్పులు వాయించేవారు. ఏడ్చుకుంటూ వెళ్ళిపోయిన ఆ పిల్ల కూడా తిరిగి వచ్చింది. టీచరే వాళ్ళింటికి వెళ్ళి తీసుకొచ్చారని చాలాకాలానికి సారు చెప్పారు.

రెండేళ్ళ కింద ఆవిడకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. దానికోసం ఒక చేతి రక్తనాళం మీద ఆపరేషన్ చేయాలి, మామూలుగా ఎడమ చేతికి చేస్తామని డాక్టరు చెప్పారట. ఆవిడ ఒక్కరోజు గడువు అడిగి ఇంటికొచ్చి, వయొలిన్ పట్టుకుని రెండు చేతులూ చూసుకున్నారు. మర్నాడు వెళ్ళి కుడి చేతికి చేయమన్నారు. అన్నం తినే చెయ్యి కదమ్మా అంటే, కమాను మెల్లగ గుంజినా నడుస్తది, వేళ్ళు ఆగితే నడవదు అని చెప్పి ఒప్పించారు. సోమ, బుధ, శుక్రవారాలు దవాఖానా. ఆదివారం క్లాసు.

ఆవిడ పోయిన రోజు మేమందరం వెళ్ళాం. ఏం చేయాలో తెలియక మెట్ల మీద వరసగా కూర్చున్నాం. సారు మా మధ్యకు వచ్చి కూర్చుని, మేడ మీద గది తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఇప్పుడు పిల్లలకు నేను చెబుతున్నాను. తప్పును తప్పని చెప్పడం ఇంకా నాకు కష్టంగానే ఉంది. చెబుతున్నాను.

ఆవిడ పోవడానికి నెల ముందు, ఒక బుధవారం నేను ఆవిడను చూడటానికి దవాఖానాకు వెళ్ళాను. పక్క మంచం మీద ఒక ముస్లిం పెద్దావిడ, లాలాపేట్‌లో ఉర్దూ చెప్పి రిటైరైన టీచరట. ఇద్దరికీ అవే రోజులు, అవే గంటలు. మా టీచరు ఆమె దగ్గర ఉర్దూ అక్షరాలు మొదలుపెట్టారు. కుడి చెయ్యి మిషన్‌కు కట్టి ఉంది. ఒళ్ళో దిండు, దిండు మీద నాలుగు గీతల కాపీ పుస్తకం, ఎడమ చేతిలో పెన్సిల్. కుడి నుంచి ఎడమకు, వణుకుతున్న గీతతో, ఒకే అక్షరాన్ని వరసంతా రాస్తున్నారు. పక్క మంచం ఆవిడ మెడ చాచి చూసి, తల అడ్డంగా ఊపింది. టీచరు రబ్బరు తీసుకుని చెరిపి మళ్ళీ మొదలుపెట్టారు. నేను దగ్గరికి వెళ్ళి టీచర్ అని పిలిచాను. ఆవిడ తల ఎత్తలేదు.

"ఆగు బిడ్డా" అన్నారు. "ఈ అక్షరం కానియ్యి."